గులాబీ రంగు దవడ

నారాయణగూడలో కట్టుడు పళ్లు చేసే ల్యాబు ఒకటుంది. అరుంధతి అందులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. డాక్టర్లు కొలత తీసి పంపిన దవడ అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, మైనంతో చిగుళ్లు దిద్దడం, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి సెట్టు తయారుచేయడం ఆమె పని. వాటిని పెట్టుకునేవాళ్లెవరో ఆమెకు తెలియదు. పెళ్లిళ్లలో పెద్దవాళ్లెవరైనా నవ్వితే మాత్రం ఆమె చూపు నోటి మీదికి పోతుంది. అవి కట్టుడు పళ్లని చూడగానే తెలిసిపోతే, చేసినవాళ్లకు పని రాదని ఆమె ఉద్దేశం.

సినిమాల్లోని వింత జంతువుల బొమ్మలు పోగుచేసే అలవాటు కూడా ఆమెకు పళ్ల వల్లే అంటుకుంది. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం బకెట్లు కొందామని సుల్తాన్ బజార్ వెళ్లింది. ఫుట్‌పాత్ మీద పాత ఆటసామాన్ల కుప్పలో వేలెడంత బొమ్మ ఒకటి నోరు తెరుచుకుని కనిపించింది. ఏదో ఇంగ్లీషు సినిమాలో వేరే గ్రహం నుంచి దిగివచ్చే జంతువట. దాని నోట్లో కోరపళ్లు లేవు, చుట్టూ నమిలే పళ్లే ఉన్నాయి. వీటితో ఇది మనుషుల్ని ఎట్లా చీల్చిందా అని ఆమె అక్కడే నిలబడి ఆలోచించింది. చివరికి బకెట్లతో పాటు దాన్నీ ఇంటికి తెచ్చింది. ఆ సినిమా అప్పటికి చూడలేదు, తర్వాతా చూడలేదు.

చిక్కడపల్లిలో వాళ్లుండేది రెండు గదుల ఇల్లు. భర్త ఉమాకాంత్‌కు అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల నోట్సులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీస్తూనే ఉంటాడు. షాపుకు కాగితం వచ్చే అట్టపెట్టెలు ఖాళీ కాగానే ఆయనే ఇంటికి తెచ్చేవాడు. వాటిలో దూది పరిచి ఆమె బొమ్మల్ని పేర్చుకునేది. నాలుగంగుళాలు దాటినవి తీసుకునేది కాదు. మెడ, కాళ్లు, చేతులు కీళ్ల దగ్గర కదలాలి, నోరు తెరిచి ఉండాలి. పెట్టెలు మంచం కిందికి చేరి, అక్కడా నిండిపోయాక ఉమాకాంత్ ఒకసారి, ఇంట్లో మనుషులకంటే ఇవే ఎక్కువయ్యాయని అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇలాంటి బొమ్మలు పోగుచేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారని ఆమెకు చాలా కాలానికి తెలిసింది. ఫోనులో వాళ్లకో గ్రూపుంది. నెలకో ఆదివారం చిక్కడపల్లిలో ఒక హోటల్ మేడ మీద కలుసుకుని, టీ తాగుతూ బొమ్మలు చూపించుకుంటారు. వాళ్లకు పెద్ద దిక్కు జగదీశ్వర్. జంతుశాస్త్రం లెక్చరర్‌గా రిటైరై కవాడిగూడలో ఉంటున్నాడు. ఏ బొమ్మ ఏ ఏడు వచ్చింది, ఎన్ని రంగుల్లో వచ్చింది, ఏది అసలు, ఏది నకలు అన్న వివరాలు ఒక లావుపాటి నోటుబుక్కులో రాసిపెట్టాడు. ఎక్కడ తగాదా వచ్చినా ఆ పుస్తకం చూసి ఆయన చెప్పిందే ఖాయం.

రెండేళ్ల కిందట అరుంధతికి కోఠిలో ఒక ఆరుకాళ్ల బొమ్మ దొరికింది. బూడిదరంగు ఒళ్లు, కింది దవడ లేదు. ల్యాబులో మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలే అరగంటలో దానికి దవడ మొదలుపెట్టింది. మైనంతో చెక్కి, ప్లాస్టర్‌లో అచ్చు తీసి, చిగుళ్లకు వాడే గులాబీ రంగు పొడి కలిపి నింపి, వేడినీళ్లలో గట్టిపరిచింది. పద్నాలుగు పళ్లు, ఒక్కొక్కటీ బియ్యపుగింజలో సగం. దాని మీద బూడిదరంగు పూద్దామనుకుని, గులాబీయే బాగుందని అలాగే ఉంచేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. కింద ఏమీ రాయలేదు.

తర్వాతి ఆదివారం జగదీశ్వర్ భూతద్దం తెచ్చుకున్నాడు. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ల వరుస దగ్గర చాలాసేపు ఆగాడు. ఇంత శుభ్రమైన పని ఆ కంపెనీ మామూలు సరుకులో లేదని, ఇది బజారుకు రాకముందు నమూనాగా చేసిన కొద్ది బొమ్మల్లో ఒకటై ఉండాలని తేల్చాడు. అందరూ చూస్తుండగానే పుస్తకంలో కొత్త వరుస రాశాడు. అరుంధతి చెప్పబోయి ఆగింది. ఇన్నేళ్లలో ఆమె చేసిన పళ్లను భూతద్దం పెట్టి చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత మూడు నెలలు ఆమె నోరు విప్పలేదు. వరంగల్ నుంచి గ్రూపులోకి వచ్చిన జైపాల్ అనే ఆయన ఒకరోజు రాసిన మాట చూశాక ఇక ఉండలేకపోయింది. గులాబీ దవడ బొమ్మ కోసం వరుసగా నాలుగు ఆదివారాలు బస్సెక్కి వచ్చి, కోఠిలో, సుల్తాన్ బజార్‌లో ఒక్క కుప్ప కూడా వదలకుండా వెతికాడట. మళ్లీ వారం కూడా వస్తానని రాశాడు.

మర్నాడు ఆమె ల్యాబుకు సెలవు పెట్టి కవాడిగూడ వెళ్లింది. మైనం ముక్క, పగిలిన ప్లాస్టర్ అచ్చు రుమాల్లో చుట్టి వెంట తీసుకుపోయింది. జగదీశ్వర్ కూర్చోమన్నాడు. ఆమె కూర్చోకుండానే రుమాలు విప్పి టేబుల్ మీద పెట్టింది.

"దవడ కంపెనీది కాదు సార్. నేనే చేసిన."

ఆయన అచ్చు రెండు సగాలూ తీసి దగ్గర పెట్టి చూశాడు. అవి ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాయి, లోపల పద్నాలుగు పళ్ల గుంటలు ఉన్నాయి.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అట్ల చూస్తుంటే మంచిగనిపించింది సార్. చెప్పబుద్ధి కాలే."

ఆయన పుస్తకం తెచ్చి ఆ వరుసను స్కేలు పెట్టి కొట్టేశాడు. సాయంత్రానికి గ్రూపులో, తానే సరిగ్గా చూడకుండా పొరపాటు రాశానని నాలుగు ముక్కలు పెట్టాడు. ఆమె పేరు ఎత్తలేదు. దాని కింద దవడ తన పనేనని అరుంధతి రాసింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. జైపాల్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆయనకు ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది కానీ ఎత్తలేదు.

నెలనెలా జరిగే కూటానికి జగదీశ్వర్ రావడం మానేశాడు. అరుంధతి మాత్రం వెళ్తూనే ఉంది. పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. ఒకరిద్దరు ఆమె తెచ్చిన బొమ్మను చేతిలోకి తీసుకోగానే, ఇది అసలుదేనా అని అడిగేవారు. అవునో కాదో చెప్పి ఊరుకునేది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం జగదీశ్వర్ ల్యాబు మెట్లెక్కి వచ్చాడు. ఆయన కట్టుడు పళ్ల కోసం వచ్చాడేమోనని ఆమె కుర్చీ చూపించింది. ఆయన జేబులోంచి కళ్లజోడు పెట్టె తీసి తెరిచాడు. అందులో నీటిజంతువు బొమ్మ ఉంది, తోక సగానికి విరిగిపోయింది. ముప్పై ఏళ్లుగా తన దగ్గరుందని, ఇల్లు దులిపేటప్పుడు కిందపడిందని చెప్పాడు.

"అతుకు కనిపించకుండ చెయ్యొస్తదా?"

"వస్తది సార్."

"మంచిగనే చెయ్యి. కానీ కడుపు కింద నీ గుర్తు ఒకటి పెట్టు. నా అసొంటోడు ఇంకొకడు మోసపోవద్దు."

తోక ఆమె చేతిలో మూడుసార్లు తయారైంది. మొదటిది బరువెక్కువై బొమ్మ వెనక్కి పడిపోయింది. రెండోదాని రంగు నప్పలేదు. మూడోది లోపల బోలుగా పోసింది. బొమ్మ నాలుగు కాళ్ల మీదా నిలబడ్డాక తిరగేసి, కడుపు కింద పంటికి గాడి పెట్టే సన్నటి పనిముట్టుతో 'అ' అని గీసింది.

జగదీశ్వర్ దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకలేదు. వచ్చే ఆదివారం కూటం ఎన్నింటికని అడిగి, పెట్టె జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.