రాసుకో సార్

ఆ రోజుల్లో నాకు రెండే విద్యలు వచ్చు. ఒకటి ఖమ్మం కాలేజీలో క్లాసు ఎగ్గొట్టడం, రెండోది పెద్దమనుషుల గొంతులు ఎత్తుకొచ్చి మిమిక్రీ చేయడం. (రెండోదీ చదువేనని మా నాన్నను ఎప్పుడూ ఒప్పించలేకపోయాను.) మా మండలంలో ఒక నాయకుడుండేవాడు. నెమ్మదస్తుడు, ఎవరేం చెప్పినా చివరిదాకా వినే మనిషి. పత్తి చేలో ఎంత పనున్నా ఆయన అరుగు మీద కాసేపు కూర్చుని వస్తే గానీ మా నాన్నకు పొద్దు గడిచేది కాదు. ఒకసారి ఎవరో రైతు బోరు గురించి చెబుతుంటే ఆయన పక్కకు తిరిగి “రాసుకో” అన్నాడు. పక్కన ఎవరూ లేరు. నాకంతే చాలు.

కాలేజీ వార్షికోత్సవంలో అదే వేశాను. సార్, మీ జీపు పంక్చరైంది. రాసుకో. సార్, మీటింగ్ అయిపోయింది, లేవండి. రాసుకో. ఎవరో ఫోన్లో తీసిన వీడియో జూలూరుపాడు దాటి అడవి ఊళ్లదాకా పాకింది. పిల్లలు కూడా ఆయనను ‘రాసుకో సార్’ అనేశారు. మా నాన్న సిగ్గుతో ఆ అరుగు వైపే వెళ్లలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇరవై ఏళ్ల స్నేహం నా వల్ల పోయిందని నాకూ ఏడుపొచ్చింది. నాలుగో రోజు నాన్న నన్ను తీసుకెళ్లి ఆయన కాళ్లమీద పడమన్నాడు.

ఆయన నన్ను లేపి కుర్చీ చూపించాడు.

“మొన్న మిర్చి రైతుల మీటింగుల ఆ మాట అనుమని ఒకటే గోల. తీరా నేను అంటే, నాకంటె పిలగాడే మంచిగ చేసిండన్నరు. ఎట్ల చెయ్యాల్నో చూపెట్టు.”

గంటసేపు నేర్పాను. మెడ ఎంత తిప్పాలి, కళ్లు ఎప్పుడు మూయాలి అన్నీ. ఏడుపు ముఖంతో వచ్చిన మా నాన్న కూడా, “ఎడమ దిక్కు తిరుగన్నా, గట్లయితే బాగుంటది” అని సలహాలివ్వసాగాడు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఆయన ప్రసంగాలే మానేశాడు. మైకు ముందు నిలబడి మెడ తిప్పితే చాలు, జనం మిగతాది పూర్తిచేసేవారు. గెలిచాడు కూడా.

పోయిన ఏడు వైరాలో ఒక పెళ్లి భోజనాల దగ్గర కలిశాడు. పదవి లేదు, జుట్టు నెరిసింది. యోగక్షేమాలయ్యాక మెల్లగా అడిగాడు.

“నువ్వు నేర్పకముందు నేనెట్ల మాట్లాడేటోన్నిరా? ఒకసారి చేసి చూపెట్టు.”

గొంతు సవరించుకున్నాను. ఎంత ప్రయత్నించినా నా మెడ దానంతటదే ఎడమకు తిరిగింది. ముందు ఆయనే నవ్వాడు, తర్వాత నేనూ నవ్వాను. ఊళ్లో అందరి గొంతులూ నా దగ్గరున్నాయని మురిసిన ఆ కుర్రవాడు, ఆయన గొంతొక్కటే ఎక్కడో పారేసుకున్నాడు.