స్కార్‌బరోలో స్కార్‌బరో పాఠం

మేముండే స్కార్‌బరో టొరంటోకి తూర్పున ఉంది. ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఇంకో స్కార్‌బరో ఉంది. పేరు అక్కడిదే. ఎప్పుడో ఒక దొరసాని ఇక్కడి సరస్సు ఒడ్డున మట్టి కొండచరియలు చూసి, ఆ ఊరు గుర్తొచ్చి ఈ పేరు పెట్టిందట. మా అపార్ట్‌మెంట్‌లో సగం మందికి ఈ సంగతి తెలియదు. తెలియకపోతే పోనీ, తెలుసుకుందామన్న ధ్యాస కూడా లేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మచిలీపట్నంలో ఇరవై ఆరేళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. ఇక్కడికొచ్చాక మూడేళ్ళుగా ఒక దుకాణంలో కందిపప్పు, మినప్పప్పు ప్యాకెట్లు సర్దుతున్నాను. పనికి నామోషీ లేదు. కానీ పాఠం చెప్పే ఉద్యోగానికి ఎక్కడ అప్లై చేసినా, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదనేవారు. చరిత్ర ఏ దేశంలో చెప్పినా చరిత్రే కదా! ఎవరితో చెప్పుకోను?

అలాంటప్పుడు మా లైబ్రరీ గోడమీద ఒక కాగితం చూశాను. శనివారం మధ్యాహ్నం ఊరి చరిత్ర గురించి ఎవరైనా గంటసేపు మాట్లాడవచ్చట. వెంటనే పేరిచ్చేశాను.

"ఇదొక్కటీ చూస్తానండీ," అన్నాను మావారితో. "ఇదీ తుస్సుమంటే నా నోట్సులన్నీ రీసైక్లింగ్‌లో పడేస్తా. ఇంక పాఠం మాటెత్తను."

"నువ్వా? మొన్న చారులో ఉప్పెక్కువైందంటే ఉప్పు సత్యాగ్రహం దగ్గర్నుంచి మొదలెట్టావు," అన్నారాయన.

నాకు నవ్వు రాలేదు. నోట్సులు పడేస్తానన్నది నిజంగానే అన్నాను.

శనివారం పదిహేను మంది దాకా వచ్చారు. ఎక్కువమంది మనవైపు నుంచి వచ్చిన రిటైరైన అంకుల్స్, ఆంటీలే. ముందు వరుసలో మాత్రం చేతికర్రతో ఒక తెల్లాయన. లైబ్రరీ అమ్మాయి నా పక్కకొచ్చి, ఊరికే కబుర్లు చెప్పినట్టు చెప్పండి, చాలు అంది. సరేనన్నాను. లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే ఏమొచ్చిందో తెలుసా?

"హెడ్డింగ్ రాసుకోండి. కింద గీత కొట్టండి."

ఇంగ్లీషులోనే అన్నాను గానీ, అచ్చంగా మా కాలేజీ గొంతుతో! మా దగ్గర పాఠమంటే నోట్సు చెప్పడమే. ఒక్కో వాక్యం నెమ్మదిగా, రెండేసి సార్లు. నాలిక కరుచుకునేలోపే మొదటి వాక్యం రెండుసార్లు చెప్పేశాను కూడా. లైబ్రరీ అమ్మాయి తెల్లబోయి చూస్తోంది. ఛీ ఛీ, పెద్దవాళ్ళని పట్టుకుని ఇదేం పని అనుకున్నాను.

ఈలోగా అంకుల్స్ జేబుల్లోంచి పెన్నులు బయటికొచ్చాయి. ఒక ఆంటీ మందుల చీటీ వెనక రాసుకుంటోంది. వాళ్ళందరూ అలా చదువుకున్నవాళ్ళే మరి! వాళ్ళని చూసి తెల్లాయన కూడా తన గళ్ళనుడికట్టు పుస్తకం తీసి అంచుల్లో రాయడం మొదలుపెట్టాడు.

ఇక నేను ఆగలేదు. మన ఊరికి పేరిచ్చిన ఇంగ్లండు స్కార్‌బరోలో కొండ అడుగున ఊట నీళ్ళు రాళ్ళను ఎర్రగా మార్చడం ఒకావిడ కనిపెట్టిందని, ఆ చేదు నీళ్ళు తాగితే రోగాలు పోతాయని డాక్టర్లు చెప్పారని, డబ్బున్నవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చారని చెప్పాను. తర్వాత సముద్రస్నానం మందన్నారు. చక్రాల గదిలో కూర్చుంటే గుర్రం నీళ్ళలోకి లాక్కుపోయేది. మా బందరులో కార్తీక పౌర్ణమికి జనం సముద్రంలో మునిగేది పుణ్యం కోసం, వీళ్ళు మునిగింది డాక్టరు చీటీతో అన్నాను. ఆంటీలు పకపకా నవ్వారు.

"రైలు రావడంతో మిల్లు కార్మికులు కూడా సముద్రం చూశారు. వాళ్ళకోసం ఆ ఊరి ఆడవాళ్ళు తమ ఇళ్ళలో గదులు అద్దెకిచ్చారు..."

"సారీ?" అన్నాడు తెల్లాయన.

ఈ దేశంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! బస్సులో, బ్యాంకులో, ప్రతి ఇంటర్వ్యూలో. నా యాస వాళ్ళకు అందనప్పుడల్లా కనుబొమలు పైకెత్తి, సారీ? అంటారు. ఆ తర్వాత కథ కంచికే. అయిపోయింది, ఇంటికి పోదాం పద అనుకున్నాను. దుఃఖంతోపాటు కోపం కూడా వచ్చింది.

"ఏం అర్థం కాలేదు మీకు?" అని కాస్త గట్టిగానే అడిగాను.

ఆయన పెన్ను పైకెత్తాడు. "అంతా అర్థమైంది, మిస్. రైలు దాకా రాశాను, తర్వాత వెనకబడ్డాను. నేను పుట్టింది ఆ ఊళ్ళోనే. మా నానమ్మ అలాగే గదులు అద్దెకిచ్చేది. బళ్ళో రాజుల గురించి చెప్పారు గానీ, ఆవిడ గురించి ఎవరూ చెప్పలేదు. ఈ వాక్యం నాకు పూర్తిగా కావాలి."

గదిలో అందరూ పెన్నులు పట్టుకుని నావైపే చూస్తున్నారు. ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆయన పెన్ను ఆగేదాకా ఉండి, అలవాటు ప్రకారం ఇంకోసారి చెప్పాను. కళ్ళు నిండిపోయాయి గానీ తుడుచుకోలేదు. క్లాసులో మేడమ్ కళ్ళు తుడుచుకుంటే పిల్లలు రాయడం ఆపేస్తారు.