పైన ఎవరూ లేని గోపురం

ఈ ఏడు అమ్మవారి పండక్కి మళ్ళీ గోపురం కడతారన్న కబురు మొదట మా ఇంటికి తెచ్చింది మా చిన్నమ్మ. పాలచెంబు అరుగు మీద పెట్టి, పెరట్లో ఉన్న అమ్మకు వినబడకుండా నా దగ్గరికి జరిగింది.

"ఒసే, ఇన్నావా? పైనోడి సోటు మాత్రం ఖాళీగా ఒగ్గేస్తారట. మీ అమ్మకి సెప్తావో మానేస్తావో నువ్వే సూసుకో."

ఆ పైన నిలబడేవాడు మా తమ్ముడు.

మా ఊళ్ళో పండగంటే తప్పెటగుళ్ళు. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో మగవాళ్ళు గుండ్రంగా తిరిగి ఆడతారు. చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మూడు వరసల గోపురం కడతారు. గురువు మా మేనమామ. ఆయన అడుగు వరసలో ఉంటాడు. చిన్నప్పటి నుంచీ తమ్ముడిది పైవరస. దిగాలనుకున్నప్పుడు మడమతో కిందివాడి భుజం రెండుసార్లు తట్టేవాడు. అది అందితేనే ఒక్కో వరసా విడుతుంది. అమ్మవారి ముందు కట్టిన గోపురాన్ని కిందివాళ్ళు దించకూడదు.

అమ్మకు మాత్రం అంత ఓపిక ఉండేది కాదు. "దిగిరారా నాయినా, ఇంక సాలు" అని కింద నుంచి పిలిచేది. ఆ తర్వాతే వాడి మడమ కదిలేది. మామయ్య నవ్వేవాడు, ఈ గోపురానికి గురువు తను కాదు, తన చెల్లెలేనని.

వాడు సైన్యంలో చేరాడు. ఆమదాలవలసలో రైలెక్కించి వచ్చాం. సరిహద్దులో మంచుకొండల మీద కాల్పుల్లో పోయాడు. జెండా కప్పిన పెట్టెలో తెచ్చారు. మూత తీయనివ్వలేదు. దేశం కోసం పోయాడని వచ్చినవాళ్ళంతా అన్నారు. అది పెద్ద మాట, దానికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ ముఖం చూడని బిడ్డ కోసం అమ్మ ఏడవలేకపోయింది. మూడేళ్ళు ఊళ్ళో గోపురం లేదు, ఆమె కంట చుక్క నీరు లేదు. ఎసట్లో వాడి వంతు బియ్యం కూడా పోసేది. రోజూ దీపం పెట్టి నేను అడిగింది ఒక్కటే, మా అమ్మ కడుపారా ఏడవాలని.

గోపురం సంగతి భయపడుతూనే చెప్పాను. అమ్మ చేట దించలేదు.

"నానొస్తాను. ఆడు పైనుంటే కింద నానుండాల కదేటి."

పండగనాడు ఎండ వాలాక ఆట మొదలైంది. యుద్ధం గురించి ఒక్క పాటా పాడలేదు. వలయంలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. వాళ్ళు తిరుగుతుంటే ఆ చోటూ వాళ్ళతో తిరిగింది. మా వైపు సైన్యానికి బిడ్డల్ని పంపిన ఇళ్ళు చాలా. పక్క ఊళ్ళ తల్లులు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ ఖాళీనే చూస్తున్నారు. ఎవరి కొడుకు వాళ్ళకు అక్కడ కనబడి ఉంటాడు.

గోపురం రెండు వరసలు లేచింది. తప్పెటలు ఆగాయి. అప్పుడు తెలిసింది చేసిన పొరపాటు. సాధనలో మామయ్య కేకేస్తే దిగేవారట. ఇక్కడ ఆయన కేకేయకూడదు. భుజం తట్టే మడమ లేదు. ఎక్కడం తెలిసినవాళ్ళకు దిగే దారి లేకపోయింది. మామయ్య మోకాళ్ళు వణుకుతున్నాయి, గజ్జెలు సన్నగా మోగుతున్నాయి, ఒక్కరూ కదలరు.

అమ్మ జనంలోంచి ముందుకు నడిచింది. తలెత్తి, ఎవరూ లేని ఆ చోటుకేసి చూసింది.

"దిగిరారా నాయినా. ఇంక సాలు."

రెండో వరసలో ఉన్నవాడు మెల్లగా కిందికి జారాడు. భుజం మీద రెండుసార్లు తట్టినట్టే ఉందని తర్వాత చెప్పాడు. నేను కాదనను. వాళ్ళు నేల మీద కాళ్ళు మోపేసరికి అమ్మ మట్టిలో కూలబడి ఏడుస్తోంది. మామయ్య తప్పెట విప్పకుండానే ఆమె పక్కన కూర్చున్నాడు. నేను నిలబడిన చోటే అమ్మవారికి చేతులు జోడించాను.

ఆ సాయంత్రం ఎసరు పెట్టి బియ్యం కొలిచిన అమ్మ, వాడి వంతు మళ్ళీ డబ్బాలో పోసేసింది. అడిగి అడిగి తెచ్చుకున్న వరమే అది. అయినా ఆ బియ్యం మళ్ళీ తీసి ఎసట్లో పోయాలని నా చెయ్యి ఎంత లాగిందో.

ఇదంతా రాస్తున్న నేను బడికి పోలేదు. పొయ్యి పక్కన బొగ్గుముక్క చేతికిచ్చి నాకు అక్షరాలు దిద్దించింది నాకంటే చిన్నవాడైన ఆ తమ్ముడే. మీరెక్కడైనా తప్పెటగుళ్ళు చూస్తే, పైనున్నవాడు క్షేమంగా దిగేదాకా ఉండండి. దిగాక మా తమ్ముణ్ని ఒక్కసారి తలుచుకోండి.