పెద్దసారుకు వచ్చిన మూడున్నర

పెద్దసారు టెన్నిస్ రేటింగు మూడున్నరకు పెరిగిందని ఫోనులో చూసినప్పుడు నా కళ్లను నేనే నమ్మలేదు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మూడున్నరే!

ఆయన గద్వాలలో పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసి, రిటైరయ్యాక రాకెట్టు పట్టిన మనిషి. వయసులో పెద్దవాడని అందరం పెద్దసారు అంటాం. బంతి కుడివైపు వస్తే కొడతాడు, ఎడమవైపు వస్తే నవ్వుతాడు. వనపర్తిలో కాలేజీలో పాఠాలు చెబుతూ పదిహేనేళ్లుగా ఆడుతున్న నాకే మూడు దాటలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో టెన్నిస్ ఆడేవాళ్లం కలిసి నాలుగు నెలల కింద ఆదివారాల లీగు పెట్టుకున్నాం. ఎవరి స్థాయి ఎంతో ఒక యాప్ అంకె వేస్తుంది. మూడు వరకూ కింది గ్రూపు, ఆపైన పై గ్రూపు. గెలిచామా ఓడామా అన్నదొక్కటే అది చూడదు, ఎవరి మీద ఎన్ని గేములు తీశామో కూడా చూస్తుంది. ఒక్క గేమూ తీయలేడనుకున్నవాడు నాలుగు తీస్తే, మ్యాచ్ ఓడినా వాడి అంకె పైకి పోతుంది.

అక్కడే కొంప మునిగింది. మాలో పెద్దవాళ్లను సున్నాతో ఇంటికి పంపం. అరవై దాటిన మనిషి బస్సెక్కి వస్తే, ఆరు–సున్నా కొట్టి ఛాయ్ తాగిపొమ్మంటే అదేం మర్యాద? అందుకని ఆయనతో ఆడిన ప్రతివాడూ మూడో నాలుగో గేములు వదిలేసేవాడు. సర్వీసు నెట్‌లోకి కొట్టేవాళ్లం, బంతిని గీత బయటికి పంపేవాళ్లం. కొత్తవాళ్లకు ఇది నేర్పిందే నేను. ఎవడైనా మరిచిపోతే కసిరేవాణ్ని కూడా. అవన్నీ ఆయన గెలిచినవే అనుకుంది యాప్.

పెద్దసారు సంబరం చూడాలి. ఛాయ్ కొట్టు దగ్గర అందరికీ ఫోను చూపించాడు. ఈ జన్మకు ఇది చాలన్నాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. పై గ్రూపులో అంతా పాతికేళ్లవాళ్లు, మా మొహమాటాలు వాళ్లకు లేవు. ముందే చెప్పేద్దామని రెండుసార్లు అనుకుని, ఆ మొహం చూసి నోరు మూసుకున్నాను.

మొదటి మ్యాచ్ నాగర్‌కర్నూల్‌లో, ఒక కానిస్టేబుల్‌తో. ఆరు–సున్నా, ఆరు–సున్నా. అరగంట కూడా పట్టలేదు. కానిస్టేబుల్ తప్పేమీ లేదు, ఆటను ఆటలాగే ఆడాడు. చూడటానికి వెళ్లిన నేను బెంచీ మీద ఉన్నాను.

పెద్దసారు వచ్చి పక్కన కూర్చున్నాడు. చెమట కూడా తుడుచుకోలేదు. మొన్నటిదాకా వచ్చిన ఆట ఇవాళ ఎటు పోయిందని తన చేతినే చూసుకుంటూ అడిగాడు. నాకు ఆ యాప్ మీద ఒళ్లు మండింది. కోపం వస్తే నా నోటికి తాళం ఉండదు.

"దాని బొంద. మేం గేములు ఇడిసిపెడ్తున్నమని గా యాప్‌కేం ఎర్క?" అన్నాను.

అన్నాక గాని ఏమన్నానో తెలియలేదు. ఆయన నా వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

"అన్నీ ఇడిసినవేనా సారూ? నేను తీసింది ఒక్కటన్న ఉన్నదా?"

"ఉన్నయి పెద్దసారూ. శానా ఉన్నయి."

"ఒక్కటి చెప్పు. ఎన్నడు తీసిన?"

నాలుగు నెలల ఆటలన్నీ గబగబా తలుచుకున్నాను. నాకు ఒక్కటీ దొరకలేదు.