నాన్న చేతిలో తుపాకీ

నాన్న పెద్దకర్మకి పిల్లల్ని వెంటబెట్టుకొని తాడేపల్లిగూడెంలో రైలెక్కి, పొద్దున్నే భీమడోలులో దిగాను. ఆటో మా ఊరి మలుపు తిరగ్గానే ఫ్లెక్సీ కనిపించింది. డాబా ఎత్తున కట్టారు. దానిమీద నాన్న మొహం. మెడ కిందనుంచి మాత్రం ఎవరో కుర్రాడి ఒళ్లు, మిలిటరీ చొక్కా, చేతుల్లో ఇంత పొడుగు తుపాకీ. అడుగున ‘శత్రువుల గుండెల్లో నిద్రపోయిన సింహం’ అని ఎర్రటి అక్షరాలు. చుట్టూ ఊరి నాయకుల ఫొటోలు, కొన్నయితే నాన్న మొహం కన్నా పెద్దవి. నాకు ఒళ్లు మండిపోయింది.

మా నాన్న బంగ్లాదేశ్ యుద్ధంలో ఎవర్నీ కాల్చలేదు. వంట చేశారు. తడిసిన కట్టెలతో, తెల్లారకముందే, వందలమందికి రొట్టెలూ పప్పూ. ఒకసారి దగ్గర్లో బాంబు పడిన అదురుకి పప్పు గుండిగ ఒరిగి, ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా కాలింది. “ముందు వడ్డించేసి, తర్వాత కట్టు కట్టించుకున్నానమ్మా” అనేవారు, అదేదో మామూలు విషయంలాగా. ఆ మచ్చ ఉన్న చేతిని పట్టుకొని ఊగుతూ పెరిగినదాన్ని నేను.

ఉద్యోగం మానేసి వచ్చి వ్యవసాయం చేసినా ఆయన గరిటె వదల్లేదు. ఆదివారం వంటిల్లు ఆయనదే. వీధిలో ఆడవాళ్లు అమ్మని ఆటపట్టిస్తే, “మీవారికి కూడా నేర్పుతాను, పంపించండి” అనేవారు. ఇంట్లో అందరూ తిన్నాక, గిన్నె అడుగు చూసుకొని, ఆఖర్న కూర్చునేవారు. క్యాంపులో అబ్బిన అలవాటు.

ఫ్లెక్సీ వేయించింది మా బాబాయి, నాన్న తమ్ముడు. ఏలూరులో రెండు పూటలు కూర్చొని మరీ చేయించాడట.

“ఇదేంటి బాబాయ్? తీయించెయ్యండి” అన్నాను, చెప్పులు కూడా విప్పకుండానే.

“నలుగురూ వచ్చే రోజమ్మా ఇవాళ. మిలిటరీలో వంటవాడని రాయించమంటావా? మనకి బాగుంటుందా?”

“ఎవరడిగినా గరిటె పట్టానండీ అని ఆయనే చెప్పుకునేవారు కదా. ఆయనకి లేని నామోషీ మీకెందుకు?”

గొంతు పెద్దదయిందని నాకు తెలుసు. కావాలనే తగ్గించలేదు. కొల్లేరు పొంగి కొల్లేటికోట వైపు ఇళ్లు మునిగినప్పుడు, మా బడిలో తలదాచుకున్నవాళ్లకి పూటపూటా వండింది నాన్నే. ఆ రోజుల్లో ఆయన పక్కన నిలబడి విస్తళ్లు వేసిన మనిషి బాబాయి. ఆ అన్నం తిన్నవాళ్లు ఇవాళ వస్తున్నారు. వాళ్ల ముందు నాన్న చేతికి తుపాకీ ఇచ్చి గొప్పవాణ్ణి చేస్తారట! అన్నం పెట్టడం చాలదట!

మా కేకలకి అమ్మ బయటికి వచ్చింది. ఆ రోజు ఆమె గడప దాటకూడదని ఆడవాళ్లు ఆపబోయారు, వినలేదు. వీధిలో నిలబడి చాలాసేపు పైకి చూసింది.

“ఏమయ్యా, మీ అన్నయ్య ఎడమ చేతిమీద మచ్చ ఏది?” అంది.

“ఫొటో అంటే అంతే వదినా. వాళ్లే ఏదో సర్దుతారు.”

“యాభై ఏళ్లు ఆ చేతి వంట తిన్నాను నేను. ఇది ఆయన చెయ్యి కాదు. ఎవరిదో తెచ్చి అతికించి, దీనికి దణ్ణం పెట్టమంటావా నన్ను? దించెయ్యి.”

బాబాయి తనే నిచ్చెన తెచ్చుకొని తాళ్లు కోశాడు.

ఆ మధ్యాహ్నం కొల్లేటి వాళ్లతో సహా అందరూ తిని లేచారు. బాబాయి గుండిగ అడుగు తొంగిచూసి, అప్పుడు ఒక్కడే వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు. నా కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. అయినా గరిటె తీసుకెళ్లి పప్పు వడ్డించాను.