పిల్లి బొచ్చు ఊడిన వానాకాలం

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, నాకు కోపం. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయినా ఈ రెండూ తగ్గలేదు. ఆవిడ మాట తక్కువ మనిషి. నాకేమో నోరు ఊరుకోదు. అందుకని మా మధ్య పోట్లాటలంటూ ఎప్పుడూ రాలేదు. నేను అనేదాన్ని, ఆవిడ వినేవారు. తను చెప్పుకోవలసినవన్నీ పిల్లితో చెప్పుకునేవారు.

పసుపూ తెలుపూ కలిసిన ఆడపిల్లి అది. మామగారు చనిపోయిన ఏడాది పెరట్లో కొబ్బరికాయల రాశి వెనక దొరికింది. అరచేతిలో పట్టేంత పిల్ల. అత్తగారి ఒళ్ళోనే పెరిగింది. సాయంత్రం ఆవిడ వీధి అరుగు మీద కుర్చీలో కూర్చోగానే ఎక్కి, రెండు మోకాళ్ళకీ పొట్ట ఆనించి పడుకునేది. ఆవిడ దాంతో గొణుగుతూ ఉండేవారు. ఏం చెప్పేవారో నేనెప్పుడూ వినలేదు, వినాలనీ అనుకోలేదు.

మా కోనసీమలో కొబ్బరి నూనె రాయని రోగం లేదు. తలకీ అదే, కాలిన పుండుకీ అదే, దోమకాటుకీ అదే. మా ఎండు కొబ్బరి కురిడీలు గానుగలో ఆడించిన నూనె వెచ్చబెట్టి, దించాక కర్పూరం బిళ్ళలు నలిపి కలిపి, రోజూ సాయంత్రం నేనే అత్తగారి మోకాళ్ళకి రాసేదాన్ని. రెండేళ్ళ కిందటి వానాకాలం నొప్పులు మరీ ఎక్కువయ్యాయి. గుమ్మం దాటడానికి ఆవిడ పడే అవస్థ చూడలేక బిళ్ళలు రెట్టింపు చేశాను. ఊళ్ళో ఇలాంటి కోడలు ఇంకొకర్తి ఉండదని నాలో నేను మురిసిపోయాను కూడా.

ఆ నెలలోనే పిల్లి పొట్ట కింద బొచ్చు పలచబడింది. పది రోజులకి తొడల లోపలి వైపు కూడా నున్నగా అయిపోయి, ఎర్రటి చర్మం బయటపడింది. ఎక్కడా పుండు లేదు, పొక్కు లేదు. పక్కింటావిడ గజ్జి అన్నారు. మా ఆయన, పురుగుమందు కొట్టిన చేలోంచి ఎలకని పట్టుకు తిని ఉంటుందన్నారు. నేను వేడి చేసిందని తేల్చేశాను. పెరుగన్నం పెట్టాను. లేత బొండం నీళ్ళు గిన్నెలో పోశాను. అది వాసన చూసి వెళ్ళిపోతే ఒళ్ళు మండి నాలుగు తిట్టాను. ఏదీ పనిచెయ్యకపోయేసరికి, అత్తగారి కాళ్ళకి రాయగా గిన్నెలో మిగిలిన నూనెని దాని పొట్టకి పట్టించడం మొదలుపెట్టాను. మోకాళ్ళకి మంచిది పిల్లికి చెడ్డదెలా అవుతుంది?

వారం తిరిగేసరికి పిల్లి తిండి మానేసింది. నోట్లోంచి జొల్లు కారేది, నిలబడితే కాళ్ళు వణికేవి. అత్తగారు కూడా అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవారు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ నా దగ్గరికి గోడ పట్టుకుని వచ్చేరు.

"దీన్ని ఆసుపత్రికి తీసికెళ్ళవా అమ్మా" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన కోరిక అదొక్కటే.

మూత ఉన్న బుట్టలో పెట్టుకుని ఆటోలో అమలాపురం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నాలుగు గేదెల తరవాత మా వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడే గానీ నిదానస్తుడు. లైటు దగ్గరగా పెట్టి చర్మమంతా చూశాడు. పురుగు లేదు, తామర లేదు అన్నాడు. బోడిగా ఉన్న చోట వేలితో ఎదురు నిమిరి, అక్కడ గరుకుగా ఉంది, ఇది ఊడిన బొచ్చు కాదు, నాకి నాకి తెంపుకున్నది అని చెప్పాడు. తరవాత వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కర్పూరం ఏమైనా రాసేరాండీ?"

"ఆయ్, వారం నించీ రాస్తున్నానండి. జబ్బు తగ్గుతుందని."

"మరి జబ్బు ఎప్పుడు మొదలైందండి?"

నెల దాటిందని చెప్పబోయి ఆగిపోయాను. సాయంత్రం పూట నూనె తడి ఆరని ఆ మోకాళ్ళూ, వాటి మీద ఆనిన ఆ పొట్టా కళ్ళ ముందు మెదిలాయి. పిల్లులకి కర్పూరం పడదనీ, చర్మంలోంచీ లోపలికి పోతుందనీ, నాకితే మరీ ప్రమాదమనీ ఆయన చెబుతున్నాడు. నేను తల వంచుకుని విన్నాను. నా చేత్తో నేనే చంపబోయాను.

ఒళ్ళు కడిగి, సూదులు వేసి, మందులిచ్చి పంపించాడు. ఇంటికొచ్చాక నా మీద నాకున్న కోపం అలవాటు ప్రకారం అత్తగారి మీదికే తిరిగింది. నూనె అయినా మానాలి, పిల్లినైనా వదలాలి, రెండూ కుదరవని అరిచాను. బండారులంకలో మా అక్కావాళ్ళ మగ్గాలింట్లో ఎలకలున్నాయి, పిల్లిని అక్కడికి పంపించేస్తానన్నాను. ఆవిడ వెంటనే అన్నారు.

"నాకు నొప్పులు తగ్గిపోయేయమ్మా. నూనె ఇంక వద్దులే."

నాకు పని తగ్గింది కాబట్టి నమ్మేశాను. వేరే మందు సంగతి కూడా ఆలోచించలేదు. పిల్లి కోలుకుంది. రెండు నెలలకి పొట్ట మీద మెత్తటి కొత్త బొచ్చు వచ్చింది. వచ్చిన వాళ్ళందరికీ ఎత్తి చూపించేదాన్ని.

ఒక ఉదయం సంతకని వెళ్ళి, సంచి మరిచిపోయి తిరిగొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరనుకుని అత్తగారు పెరటి వసారాలో నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి దేకుతూ నూతి వైపు వెళ్తున్నారు. పళ్ళు బిగించుకున్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పిల్లి పక్కనే నడుస్తోంది.

"తగ్గిందన్నారు కదండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆవిడ దేకడం ఆపారు. తరవాత నా మొహం చూడకుండా అన్నారు.

"నొప్పంటే నూనె అంటావు. నూనె రాస్తే దీన్ని పంపించేస్తావు. నీతో చెప్పే ధైర్యం నాకెక్కడిదమ్మా?"

ఇన్నాళ్ళూ ఆవిడది మెతక స్వభావం అనుకున్నాను. అది భయమని, నేనంటే భయమని, అప్పుడు తెలిసింది. సిగ్గుతో, ఆవిడని లేవదీద్దామని గబుక్కున ముందుకి వంగాను. నాకు కోపం వచ్చిందనుకున్నారు కాబోలు, ఆవిడ గబగబా పిల్లిని దగ్గరికి లాక్కుని పమిట కింద దాచుకున్నారు.