దేవదానం అన్న కొట్టెయ్యనియ్యని మాట

దేవదానం అన్న పోయిండు. మెహదీపట్నంల బస్సెక్కి కిటికీ పక్క కూసున్న మనిషి, కూసున్నట్టే పోయిండు. మొయినాబాద్ రాంగనే కండక్టరు "పెద్దాయన, నీ స్టేజి వచ్చింది, దిగు" అని భుజం మీద చెయ్యేస్తే తల పక్కకు ఒరిగిందంట. దవాఖానకు తీసుకపోయిన్రు గని అప్పటికే ఊపిరి లేదు. బస్టాండు కాడి చాయ్ హోటలాయన మా ఇంటికి ఫోన్ చేసి, "అవ్వా, మీ ఇంట్ల కిరాయికున్న సారు..." అని ఆగిండు. ఆ ఆగుడుతోనే నాకు సమజైంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. దించాలె అన్న సోయి గూడ లేకపాయె.

మొన్న ఆదివారం మొయినాబాద్ ఫంక్షన్ హాల్ల సంస్మరణ సభ పెట్టిన్రు. ఫోటోకు దండ, మైకు, కుర్చీలు, ఎన్క భోజనాలు. ఒకాయన లేచి దివంగతులు అజాతశత్రువు అన్నడు. ఇంకొకాయన మృదుభాషి అన్నడు. మూడో ఆయన కండ్లు తుడుచుకుంట తీరని లోటు అన్నడు. నేను ఆఖరి వరుసల కూసోని విన్న. అన్న మృదుభాషి కాదు. మాట తప్పు పడితే ఎంతటోన్నయినా గద్దిస్తడు. శత్రువులు లేకపోవుడేంది, ఆ స్టేజి మీదనే కుర్చీలేసుకోని కూసున్నరు. ఇంక లోటు సంగతి అంటరా, ఆ లోటు చేసిందెవరో చెప్పేతందుకే ఇది రాస్తున్న. అన్న పేరు పెట్టి ఒక పుస్తకం అచ్చుకు పోతున్నది. అన్న ఏండ్ల తరబడి చేసిన పని అది. అండ్ల ఆఖరి మాటను తీసేసిన్రు. తీసేసి, ఆయన ఒప్పుకున్నడు అంటున్నరు.

పత్రికోళ్ళు "సారు గురించి నాలుగు మంచి మాటలు రాయి అవ్వా" అన్నరు. నేను నాలుగో తరగతి దాక చదివిన దాన్ని. అచ్చరాలు తప్పు పోతే దిద్దుకోండి, మాటలు మాత్రం కదిలియ్యకండి.

దేవదానం అన్నది చేవెళ్ళనే. చిన్నప్పుడే దూరం పోయి హీబ్రూ భాష నేర్చుకున్నడు. పట్నంల పాస్టర్లను తయారుచేసే కాలేజీల బతుకంత ఆ భాషనే చెప్పిండు. వదిన ఎన్నడో పోయింది, పిల్లలు కాలేదు. రిటైరైనంక మా ఎంకపల్లికి వచ్చి రెండు అర్రలు కిరాయికి అడిగిండు. కిరాయికి వచ్చేటోళ్ళు నీళ్ళు వస్తయా, కరెంటు ఉంటదా అని అడుగుతరు. ఈయన గడపల నిలబడి, "చెల్లె, మీ ఊర్ల మనిషి పోతే ఆడోళ్ళు ఏడుస్తరా?" అన్నడు.

"ఏడ్వక ఎగురుతరా?" అన్న.

"అట్ల కాదు. ఊకె ఏడుస్తరా, మాటలు కట్టి ఏడుస్తరా?"

"కట్టే ఏడుస్తరు. పుట్టుక కాడికెళ్ళి మొదలుపెట్టి పాడె దాక తీస్తరు."

"అయితే ఇల్లు నచ్చింది" అన్నడు. ఇల్లు లోపటికొచ్చి సూడనే లేదు.

ఆయన పని ఏందో తర్వాత చెప్పిండు. ఎన్నడో వేల ఏండ్ల కింద ఎరూషలేం పట్నం మీదికి దండు వచ్చి, గుడి కూలగొట్టి, ఊరు కాలవెట్టిందంట. కత్తికి, కరువుకు మిగిలినోళ్ళు ఆ బూడిదల కూసోని ఏడ్చిన ఏడ్పులు అయిదు ఉన్నయి బైబిల్ల, హీబ్రూ భాషల. ఆ అయిదింటిని తెలుగు చెయ్యాలె. "ఇదివరకు ఎవ్వరు చెయ్యలేదా?" అని అడిగిన. "చేసిన్రు చెల్లె, పెద్దోళ్ళు మంచిగనే చేసిన్రు. గని అది పుస్తకం ఏడ్చినట్టున్నది. నాకు మనిషి ఏడ్చినట్టు కావాలె" అన్నడు.

పొద్దున అరుగు మీద కూసోని హీబ్రూ గట్టిగ చదువుతుండె. ఆ భాష కుడి దిక్కు నుంచి ఎడమకు పోతది. మా మనుమరాలు "తాత పుస్తకాన్ని రివర్సు గేర్ల నడుపుతుండు" అని ఎక్కిరిస్తే, "ఏం జేద్దు బిడ్డా, నాది పాత బండి" అంటుండె. ఆ ఏడ్పులకు ఒక నడక ఉన్నదని చెప్పిండు. మొదటి ముక్క పొడుగు, రెండోది పొట్టి. పొడుగు ముక్కకు ఊపిరంత అయిపోయి, పొట్టి ముక్క కాడికి వచ్చేసరికి గొంతు అందదు. ఆ అందకపోవుడు తెలుగుల రావాలె. దాని కోసం ఒక్క మాటను పట్టుకోని దినమంత తిరుగుతుండె. ఒకసారి నేను సహాయం చేసినట్టు "దుఃఖించుచున్నది అని పెట్టరాదా అన్నా, పెద్దగ ఉంటది" అన్న. నా మొకం సూడకుంటనే, "నువ్వు ఎన్నడన్న దుఃఖించుచున్నవా, ఏడ్చినవా? తెల్వకుంటే ఊకో" అన్నడు. అదీ మృదుభాషి.

ఆ ఎండకాలమే చేవెళ్ళ తొవ్వల లారీ గుద్ది మా సుట్టాల పిల్లగాడు పోయిండు. కంప్యూటర్ కంపెనీలోళ్ళను ఇండ్ల కాడికెళ్ళి ఎక్కించుకపోయే కారు నడుపుతుండె. నేను పోతుంటే అన్న గూడ వచ్చిండు. మొగోళ్ళతోని బయట కూసున్నడు. లోపట ఆ తల్లి కొడుకు నెత్తి తొడ మీద పెట్టుకోని మైసమ్మను పట్టుకోని తిట్టింది. ఏడాదికేడాది బోనం ఎత్తితే తిని కూసున్నవ్, నా కొడుకు మీదికి లారీ వస్తుంటే నీ కండ్లు ఏడవోయినయి, నువ్వు తల్లివా పగదానివా అని. ఇంటికి వస్తుంటే ఆటోల అన్న అడిగిండు.

"ఆమె గంత తిట్టింది గద. మల్ల బోనం ఎత్తుతదా?"

"ఎత్తుతది. ఎందుకెత్తది?"

జేబుల నుంచి కాయితం ముక్క తీసి ఏదో రాసుకున్నడు. తర్వాత అన్నడు: "తెంపుకున్నోళ్ళు తిట్టరు చెల్లె. సప్పుడు చెయ్యకుంట లేచిపోతరు. తిట్టుడంటే ఇంక సంబంధం ఉన్నదన్నట్టు." ఎరూషలేం ఏడ్పులల్ల గూడ అదే ఉన్నదంట. దేవుడు పగోని లెక్క విల్లు ఎక్కుపెట్టిండని, ఎలుగుబంటి లెక్క దారి కాసిండని, మొర పెడితే తలుపు మూసిండని వాళ్ళు ఆయన మొకం మీదనే అన్నరంట. "దాన్ని మెత్తగ చేస్తే వాళ్ళ భక్తిని తీసేసినట్టే" అన్నడు.

అన్నిటికన్న ఎక్కువ యాతన పెట్టింది అయిదో ఏడ్పుల ఆఖరి మాట. దాని ముందటి మాట తియ్యగనే ఉంటది, మమ్ముల మల్ల నీ దిక్కు తిప్పుకో అని. దాని ఎన్కనే ఈ చేదు మాట. హీబ్రూల అది ఇట్లనా అట్లనా అని ఎవ్వరికి తేలలేదంట. కొందరు అది ప్రశ్న అంటరు, కొందరు తీర్పు అంటరు, కొందరు సగంల ఆగిన మాట అంటరు. వానకాలమంత దాన్నే తిప్పితిప్పి రాసి నాకు చదివి వినిపించిండు. నేను విసిగి, "ఏదో ఒకటి ఖాయం చెయ్యరాదా అన్నా, దేవుడు ఇడిసిపెట్టిండా లేదా" అన్న. "నాకు తెల్వదు. రాసినోనికి గూడ తెల్వదు. తెల్వందాన్ని తెల్వనట్టే రాయాలె. తెలిసినట్టు రాస్తే అది దొంగ సాక్ష్యం" అన్నడు.

ఆ పుస్తకాన్ని అచ్చేస్తమని వచ్చినోళ్ళు గండిపేట దిక్కు కొత్త కాలనీల చర్చోళ్ళు. అందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలోళ్ళు, ఆదివారమైతే వాళ్ళ కార్లు రోడ్డు దాక నిలవడతయి. ఒక పడుచు పాస్టరు, ఒక కమిటీ పెద్దమనిషి మా ఇంటికి వచ్చిన్రు. నేను చాయ్ పోసిన. పాస్టరు అచ్చుకు తయారుచేసిన కాయితాలు బయటికి తీసి సంబరంగ, "సారు, దేవుణ్ణి పగోడు అన్నది మాత్రం జర మార్చినం. దండించే తండ్రి అని పెట్టినం. కంప్యూటర్ల ఒక్క బటన్ నొక్కితే పుస్తకమంత అన్ని చోట్ల మారిపోయింది" అన్నడు.

అన్న అద్దాలు పెట్టుకోని గట్టిగ చదివిండు. "దండించే తండ్రి గుడి సొమ్ము మీద చెయ్యేసిండు. చాన మంచిది బాబూ. మా పసిపిల్లలు దండించే తండ్రి ముందర చెరలకు నడిచిపోయిన్రు. దండించే తండ్రి మమ్ముల సూసి పండ్లు కొరికిండు." కాయితాలు కింద పెట్టి, "బాబూ, ఊరు కాలవెట్టిన దండు గూడ నీకు తండ్రే అయింది. వాళ్ళకు గూడ ప్రార్థన చేద్దామా?" అన్నడు. నేను చెంగు నోట్లె కుక్కుకున్న. పాస్టరు మొకం ఎర్రగయింది. "సారీ సారు, అది పాత లెక్కనే పెడ్తం" అన్నడు. పెట్టిన్రు గూడ. ఆ పిల్లగాడు చెడ్డోడు కాదు.

పెద్దమనిషి కదలలేదు. "ఆ ఆఖరి మాట తీసెయ్యాలె. ముందటి దాంతోని ముగించాలె. మా దగ్గరికి వచ్చేది వారమంత టెన్షన్ల ఉండేటోళ్ళు. ఇంటికి నెగెటివ్ తోని పోవద్దు" అన్నడు.

"సాఫ్ట్‌వేరోళ్ళ ఇండ్లల్ల చావులు కావా?" అన్నడు అన్న.

"యూదులే చదివేటప్పుడు దాంతోని ఆపరు గద సారు, తియ్యటి మాట మల్లొకసారి చదివి ముగిస్తరు. మీరే కాలేజీల చెప్పిన్రంట" అన్నడు పాస్టరు.

"చెప్పిన. చేదు మాట చదివినంకనే మల్ల చదువుతరు అని గూడ చెప్పిన. అది నువ్వు రాసుకోలేదు. నోరు తీపి చేసుకో బాబూ, ఎవరొద్దన్నరు. కాయితం మీద చెయ్యి పెట్టకు."

పెద్దమనిషి చాయ్ తాగకుంటనే లేచిండు. "ఇది కమిటీ నిర్ణయం" అన్నడు.

ఆ ఎన్క ఆయనను మెహదీపట్నం దిక్కు మీటింగులకని తిప్పలు పెట్టి తిప్పిన్రు. గుండె బాగలేని మనిషిని, ఒక్క మాట కోసం. పానం పోయిన దినం గూడ అందుకే అటు పోయిండు. బస్సెక్కే ముందర రూపాయి డబ్బా ఫోను కాడికెళ్ళి నాకు చేసిండు.

"చెల్లె, తెగింది. నా పేరు తీసేసి మీ ఇష్టమొచ్చినట్టు అచ్చేసుకోండని చెప్పిన."

"వాళ్ళేమన్నరు?"

"ఆలోచించుకోండి సారు అన్నరు. ఆలోచించుకునేది ఏమున్నది. ఆకలైతున్నది, అన్నం పెట్టు పొయ్యి మీద."

అన్నం పెట్టిన. మిగిలింది మీకు చెప్పిన.

ఇంక సభ కాడికి వస్త. పాస్టరు స్టేజి మీద "సారు చివరి కానుక" అని అయిదో ఏడ్పు చదివిండు. మంచిగనే చదివిండు, అన్న నడక పట్టుకున్నడు. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నీ దిక్కు తిప్పుకో కాడికి వచ్చిండు. ఆగిండు. అందరు ఆమెన్ అన్నరు. నేను లేచి నిలబడి, "ఇంకొక మాట ఉన్నది గద బిడ్డా" అన్న. పెద్దమనిషి మైకు గుంజుకోని, "అమ్మా, కూసోండి, భోజనాలకు టైం అయితున్నది" అన్నడు.

భోజనాల కాడ నేనే పోయిన ఆయన దగ్గరికి. "ఆ మాట ఏడవోయింది?" అన్న.

"ఆఖరి మీటింగుల సారు ఒప్పుకున్నరమ్మా."

"ఒప్పుకున్నడా? బస్సెక్కే ముందర నాకు ఫోన్ల పేరు తీసెయ్యమన్న అని చెప్పింది మరి ఎవరు?"

"పెద్దమనిషి అలసిపోయి ఏదో అని ఉంటరు. అయినా మీరు మా మతం గూడ కాదు గద. మీకెందుకింత కోపం?"

పాస్టరు పక్కనే ఉన్నడు. ఆయన దిక్కు సూసిన. ప్లేట్ల అన్నం కలుపుకుంటనే ఉన్నడు, ముద్ద మాత్రం నోట్లె పెట్టలేదు. మీటింగుల ఆయన గూడ ఉన్నడు. ఒక్క మాట అంటే అయిపోతుండె. అనలేదు.

నేను మైసమ్మకు బోనం ఎత్తేదాన్నే. అన్న నన్ను ఎన్నడు మీ దేవుణ్ణి ఇడువు అనలేదు, నేను ఆయనను అనలేదు. నా పంచాయితి వాళ్ళ దేవుని గురించి కాదు. బతికున్నన్ని దినాలు ఒప్పియ్యలేక, నోరు మూతవడ్డంక ఒప్పుకున్నడు అంటున్నరే, దాని గురించి. పొలాల కాడ గిట్ల సచ్చినోని ఏలిముద్ర ఏయించుకున్నోళ్ళను సూసిన. వాళ్ళకు సిగ్గన్న ఉంటుండె, తలకాయ దించుకోని తిరుగుతుండె. వీళ్ళు దండ ఏసి, మైకుల పొగిడి, భోజనం పెట్టి చేసిన్రు ఆ పని.

అన్న మాట అన్న చెప్పినట్టు అచ్చేయండి. లేకుంటే ఆయన పేరు తీసేయండి. ఆయన అడిగింది అంతే, నేను అడిగేది గూడ అంతే. మూడో తొవ్వ లేదు. పేరు అట్లనే పెట్టి అచ్చేస్తే, గండిపేట చర్చి ముందర ఆదివారం ఆదివారం నిలబడి, కార్లు దిగే ప్రతి మనిషికి ఆ మాట ఇనిపిస్త. ఎన్ని ఆదివారాలైనా సరే.

హీబ్రూ వచ్చినోళ్ళు మల్ల పుడుతరేమో. తెల్వందాన్ని తెల్వదు అని రాసే ధైర్యం ఉన్నోడు మా దిక్కు మల్ల దొరకడు. దేవదానం అన్నా, నీకు రెండు చేతులెత్తి దండం. అందరు ఆమెన్ అన్న ఆ హాల్ల చదవనియ్యలేదు గనుక, నువ్వు ఆ వానకాలమంత రాసి, ఆఖరికి ఖాయం చేసి, నాకు అరుగు మీద చదివిన మాటను ఇక్కడ పెడుతున్న. దీని కింద నేనింకేం రాయ.

"లేకుంటే మమ్ముల మొత్తానికే ఇడిసిపెట్టినవా, ఇంత కోపమా మా మీద, ఇంతనా."